రాణి బిళ్ళ

హేవిలంబి సంవత్సరం వేసవిలో కంబన్న మగ్గం ఆగిపోయింది. ఆపింది నేనే. చెయ్యి అడ్డం పెట్టి కాదు, నోటిమాటతో.

కోడుమూరు బోర్డు హైస్కూల్లో నేను చరిత్ర చెప్పేవాణ్ణి. నా భార్య అలివేలు పోయాక ఉన్న ఇల్లు నాకు మరీ పెద్దదైపోయి, కంబన్న ఇంటి ముందరి గదిలోకి అద్దెకు మారాను. గోడకు అవతల వాళ్ళ గుంట మగ్గం. వేకువనే మొదలయ్యే దాని చప్పుడు మొదట్లో నా నిద్ర చెడగొట్టేది. పోను పోను అదే నన్ను లేపసాగింది. ఒంటరిగా ఉన్నవాడికి, కళ్ళు తెరవగానే గోడ అవతల ఎవరో పనిలో ఉన్నారని తెలియడం చిన్న సంగతి కాదు. కంబన్న భార్య హంపమ్మ రోజూ రెండు జొన్నరొట్టెలు నా వాకిట్లో మూతపెట్టి పోయేది. వద్దన్నా వినేది కాదు.

ఆ హేవిలంబి ఉగాదికి ముందు మాఘమాసంలో పార్లమెంటు ఎన్నికలు. ఓటు వేసి వచ్చి, ముగ్గురం వాళ్ళ పంచలో కూర్చున్నాం. కంబన్న తన ఓటు చీటీ నా చేతిలో పెట్టాడు. అందులో ఆయన వయసు నలభై ఎనిమిదని రాసి ఉంది. చదివి చెప్పాను.

"నలభై ఎనిమిదా?" అని హంపమ్మ నవ్వింది. "అట్లయితే నాకంటే చిన్నోడే ఈయప్ప."

"ఏమప్పా అయ్యవారూ, నిజంగా నాకు ఎన్నేండ్లు?" అన్నాడు కంబన్న.

"మీ అమ్మ ఏమని చెప్పేది?"

"రాణెమ్మ జూబ్లీ జరిగిన ఏడు, జేష్టమాసంలో పుట్నావనేది. అంతే."

చరిత్ర మేష్టరికి అంతకంటే ఏం కావాలి? విక్టోరియా రాణి గద్దెనెక్కి అరవై ఏళ్ళు నిండిన పండుగ పద్దెనిమిది వందల తొంభై ఏడులో జరిగిందని లెక్క కట్టాను. పాఠం చెప్పే అలవాటు ఊరుకోదు. ఇంగ్లీషువాళ్ళు పాతికేళ్ళకు వెండి, యాభైకి బంగారం, అరవైకి వజ్రం పేరు పెట్టుకుంటారని, మన దగ్గర అరవైకి షష్టిపూర్తి, డెబ్బైకి భీమరథ శాంతి, ఎనభై దాటితే సహస్ర చంద్ర దర్శనం అంటారని వరస పెట్టి చెప్పాను. చెబుతుంటే, అలివేలుతో నా కాపురం ఇరవై రెండేళ్ళ దగ్గర ఆగిందని, మాకు వెండి కూడా అందలేదని గుర్తొచ్చింది. అది పైకి అనలేదు.

"నువ్వు పుట్టింది హేవిలంబి. వచ్చే ఉగాదితో వచ్చేదీ హేవిలంబే. పుట్టిన ఏడు పేరు అరవై ఏళ్ళకు మళ్ళీ తిరిగొస్తుంది. జ్యేష్ఠానికి నీకు అరవై నిండుతాయి. హంపమ్మకు మళ్ళీ తాళి కట్టాలి నువ్వు" అన్నాను.

హంపమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కళ్ళు మాత్రం దాగలేదు. "మా పెండ్లప్పుడు ఊరంతా జొరం" అంది. "పీనుగులు మోసేకే మనుషులు లేరు, ఇంగ మేళం యాడిది? మా మామ చిటికెలేస్తాంటే తాళి కట్టినాడు ఈయప్ప."

ఆమె ఈ మాట చెప్పడం నేను వినడం అది పదోసారి. కంబన్న ఎప్పుడూ నవ్వేవాడు. ఆ రోజు నవ్వలేదు. తింటున్న రొట్టెను తట్టలో పెట్టేశాడు.

"అయ్యవారూ" అన్నాడు. "మా ఇంట్లో తన ఏడు తిరిగొచ్చింది చూసి బతికిన మొగోడు లేడు. మా తాత అంతే. మా నాయనకు ఇంగ రెండు నెలలుండాదనంగ, మగ్గం మీద సగం కోక ఉండంగనే పోయినాడు. ఆ సగం కోక కోసి ఆయన మీదనే కప్పినారు."

అన్న మాటను వెనక్కి తీసుకునే పద్ధతి ఏ కాలేజీలోనూ నేర్పరు.

*

ఉగాది పంచాంగం పురోహితుడు మహానంది శాస్త్రి చదివాడు. హేవిలంబి అనే పేరు విన్నాక కంబన్న నిలబడలేదు. లేచి ఇంటికొచ్చేశాడు. మరునాడు పొద్దున నాకు ఎవరూ లేపకుండానే మెలకువ వచ్చింది. అప్పటికే ఎండ గడప దాటి లోపలికి వచ్చి ఉంది.

మగ్గం మీద హంపమ్మ కోసమే ఎక్కించిన పడుగు ఉంది. తెల్లటి నూలు, కుంకుమరంగు అంచు. వీధి పొడుగునా చాచి గంజి పెట్టి ఆరబెడుతుంటే నేనే ఒక కొస పట్టుకున్నాను. ఉగాదికి ముందు మూరెడు నేశాడు. ఆ తర్వాత మగ్గం గుంటలో కాళ్ళు పెట్టడానికి భయపడ్డాడు. గుంట అంచున కూర్చుని లోపలికి చూసేవాడు, లేచి పోయేవాడు. మూడు రొట్టెలు తినేవాడు ఒకటికి వచ్చాడు. వేసవి ముదిరేసరికి గొంతు కింద ఎముకలు బయటపడ్డాయి.

పక్కింటి నేతగాడు మారెన్న రోజూ గోడ మీంచి పలకరించేవాడు. "ఏమిరా కంబా, మగ్గం గుంటలో కోడిని పొదగేసినావా? నీ పిల్లలు ఎప్పుడు బయటికొస్తాయిరా?"

కంబన్న బదులిచ్చేవాడు కాదు. బదులివ్వని కంబన్నను చూసి నాలుగు రోజులకు మారెన్న కూడా ఆ ఎగతాళి మానేశాడు.

నేను మహానంది శాస్త్రిని వెంటబెట్టుకొచ్చాను. ఆయన నెమ్మదస్తుడు. "దీనికి శాస్త్రంలో దారి ఉంది కంబన్నా. అరవై నిండే నెలలో ఉగ్రరథ శాంతి చేసుకుంటే గండం పోతుంది. షష్టిపూర్తి అన్నా అదే" అన్నాడు.

"ఆ పేర్లు ఈ ఇంట్లో ఎత్తొద్దు సామీ" అన్నాడు కంబన్న చేతులు జోడించి. "మా నాయనకు చేయిద్దామని కలశాలు, బియ్యం, టెంకాయలు అన్నీ తెచ్చి మూల పెట్టినారు. ఆ బియ్యమే ఆయన దినాలకు వండినారు."

శాస్త్రి నా వైపు చూసి లేచాడు. వైశాఖం వచ్చింది. నేను రోజూ స్కూలు నుంచి రాగానే ముందు గోడ అవతలికి చెవి పెట్టేవాణ్ణి. జ్యేష్ఠం దాకా ఈ మనిషి నిలుస్తాడా, గండం కంటే ముందు ఈ దిగులే తీసుకుపోతుందా అన్నది నా భయం. ఆ దిగులును ఆయన చేతికిచ్చింది నేను.

*

ఒక మధ్యాహ్నం హంపమ్మ నా గది గడప దగ్గరికి వచ్చింది. కొంగు ముడి చూపించింది.

"మా అత్త పెట్టె అడుగున ఉండె ఇది. దీని మీద ఏందో రాసిండాది. చూస్తావా?"

చెయ్యి చాచాను. ఆమె ముడి విప్పలేదు.

"ఈడ కాదు. ఆయప్ప ముందర చూడు."

పంచలోకి వెళ్ళాం. కంబన్న గోడకు ఆనుకుని ఉన్నాడు. హంపమ్మ ముడి విప్పి, రూపాయంత ఉన్న ఒక పచ్చలోహపు బిళ్ళను నా అరచేతిలో పెట్టింది. పైన తాడు కట్టేందుకు చిన్న కొక్కెం. అరిగిపోయిన రాణి ముఖం.

కంబన్న తల ఎత్తాడు. "ఇది నాదే. చిన్నప్పుడు నా మొలతాటికుండె. రాణి బిళ్ళ."

వెనక్కి తిప్పి వెలుగులో పట్టుకున్నాను. అంకెలు రెండు వరసల్లో ఉన్నాయి. మొదటిది పద్దెనిమిది వందల ముప్పై ఏడు. రెండోది పద్దెనిమిది వందల ఎనభై ఏడు. మళ్ళీ చదివాను. కళ్ళజోడు తుడుచుకుని మూడోసారి చదివాను.

"కంబన్నా, నేను తప్పు చెప్పాను" అన్నాను. "రాణికి జూబ్లీలు రెండు. అరవై ఏళ్ళ వజ్రోత్సవం నేను లెక్క వేసింది. దానికి పదేళ్ళ ముందు యాభై ఏళ్ళ స్వర్ణోత్సవం ఒకటి జరిగింది. ఈ బిళ్ళ దానిది."

"అంటే?"

"అంటే నువ్వు హేవిలంబిలో పుట్టలేదు. సర్వజిత్తులో పుట్టావు. సర్వజిత్తు మళ్ళీ ఎప్పుడొచ్చిందో తెలుసా? స్వాతంత్ర్యం వచ్చిన ఏడు. మనమంతా జెండా కోసం ఎదురుచూస్తుంటే, దానికి రెండు నెలల ముందే నీ అరవై దాటిపోయింది. ఎవరూ చూడలేదు."

కంబన్న వేళ్ళు ముడుస్తూ లెక్క పెట్టుకున్నాడు. "అయితే నాకు డెబ్బయ్యా?"

"డెబ్బై."

"మరి పెండ్లినాటికి ముప్పై దాటినాయా నాకు?" అని భార్య వైపు అనుమానంగా చూశాడు.

"దాటినాయి" అంది హంపమ్మ తడుముకోకుండా. "ముసిలోనికి ఇస్తాండామని మా యమ్మ ఏడ్సింది. అప్పటికే నీకు చెవుల కాడ తెల్లెంటికలు."

"ఇన్నేండ్లు ఒక్కనాడన్నా చెప్పలేదేమే?"

"ముసిలోడా అని మొగుని మొగం మీద ఎవరన్నా అంటారా?"

కంబన్న చాలాసేపు ఆ బిళ్ళను తిప్పుతూ కూర్చున్నాడు. తర్వాత ఇంకో రొట్టె అడిగాడు.

మరునాడు వేకువన గోడ అవతల మగ్గం మొదలైంది. వారంలోపల ఊరంతా కంబన్న వయసు తెలిసిపోయింది. అరవై నాలుగేళ్ళ మారెన్నను పిలిచి, "ఇంగ నన్ను అన్నా అనల్ల, తెలిసిందా? ఆరేండ్లు పెద్దోన్ని" అన్నాడు. "డెబ్బై ఏండ్లోడు దినానికి నాలుగు మూరలు నేస్తాండాడు, చూసి నేర్సుకో." మారెన్న గోడ మీద గడ్డం ఆనించి, "అట్లనే అన్నా. పాదాలు ఇట్ల చాపన్నా, మొక్కుకుంటా" అన్నాడు.

ఆ గోల మధ్యలో హంపమ్మ పిండి జల్లించుకుంటూ నన్నొక మాట అడిగింది. "అయితే మళ్ళా తాళి కట్టేది ఇంగ లేదు కదా అయ్యవారూ?"

"అది అరవైకి. దాటిపోయింది కదా."

"పోనీలే" అని జల్లెడ తట్టింది. ఆ పోనీలేను నేను అప్పుడు పట్టించుకోలేదు.

*

ఎండాకాలం సెలవుల్లో రాజంపేటలో ఉన్న చెల్లెల్ని చూసి వస్తూ డోన్‌లో రైలు దిగాను. కంబన్న మేనత్త గురమ్మ అక్కడే, రైల్వేలో పనిచేసే కొడుకు దగ్గర ఉంటోంది. ఆమెకు ఇమ్మని కంబన్న ఒక బొరుగుల మూట ఇచ్చాడు. ఎనభై దాటిన మనిషి. చూపు లేదు, జ్ఞాపకం ఉంది.

"కంబడు బాగుండాడా? ముక్కుకు కుట్టిన రంధ్రం ఇంగా ఉండాదా పూడిపోయిందా?"

ఉందన్నాను. రోజూ చూసేదే ఆ చిన్న మచ్చ. ఎందుకని ఎప్పుడూ అడగలేదు.

"ముందర నలుగురు పుట్టి పోతిరి నాయనా. ఈడన్నా నిలవల్లని పుట్టంగనే ముక్కు కుట్టించి, చేటలో ఏసి, గుప్పెడు తవుడుకు నాకు అమ్మిరి. పెద్దోని మొలతాటి బిళ్ళ తీసి ఈనికి కట్టిరి."

నా చేతిలో మంచినీళ్ళ చెంబు ఉంది. దాన్ని కింద పెట్టాను. "పెద్దోడంటే?"

"కంబనికంటే పదేండ్లు పెద్ద. ఎనిమిదేండ్లు పెరిగి, అమ్మోరు పోసి పోయె. వాడు పుట్టినప్పుడూ జూబ్లీనే, కంబడు పుట్టినప్పుడూ జూబ్లీనే. కంబనిది కరువు జూబ్లీ. మా వదిన రోడ్డు పనికాడ కంకర కొడ్తాంటే నొప్పులొచ్చె. ఆ పొద్దు కూలోళ్ళకందరికీ రాణెమ్మ పేరు చెప్పి బెల్లమేసిన గంజి పోసిరి. కాన్పైనాక దానికి రెండు ముంతలు ఎక్కువ పోయించినా, కొట్లాడి."

వెల్దుర్తి మీదుగా బస్సులో వస్తున్నంతసేపూ ఆ రెండు ముంతల గంజే కళ్ళముందు కనిపించింది. నా మొదటి లెక్కే సరైనది. కంబన్నది హేవిలంబి. జ్యేష్ఠానికి ఇంక పన్నెండు రోజులు.

బస్సు దిగి వీధి మలుపు తిరిగేసరికి మగ్గం చప్పుడు వినిపించింది. నేను కాసేపు ఎండలోనే నిలబడిపోయాను. లోపలికి పోయేసరికి కంబన్న గుంటలో నడుందాకా దిగి ఉన్నాడు. బుగ్గలు మళ్ళీ నిండాయి.

"మా యత్త ఎట్లుండాది? నా వయసు అడిగినావా?"

"అడిగాను" అన్నాను.

"ఏమన్నాది?"

"డెబ్బై అంది."

ఇరవై ఏళ్ళు పిల్లలకు తేదీలు చెప్పినవాణ్ణి. తెలిసి తప్పు చెప్పడం అదే మొదలు.

*

మద్రాసుకు ఓడలో వచ్చిందని పత్రికలు రాసిన ఫ్లూ జ్వరం జ్యేష్ఠమాసం మొదటి పక్షం ముగియకముందే మా ఊరు చేరింది. తెరిచిన స్కూలు మళ్ళీ మూసేశారు. ఇంటికొకరు పడుకున్నారు. ఒక సోమవారం గోడ అవతల చప్పుడు మధ్యలో తెగిపోయింది. కోక ఇంక రెండు మూరలు మిగిలి ఉంది.

నాలుగో రోజుకు కంబన్న మాట తడబడసాగింది. డాక్టరు ప్రకాశం వచ్చి బిళ్ళలిచ్చి, ముసలివాళ్ళకు ఊపిరితిత్తులకు పాకకుండా చూసుకోవాలన్నాడు. నేను గండాలను గట్టిగా నమ్మేవాణ్ణి కాదు. అందుకే అలివేలు జ్వరంలో ఉన్నప్పుడు అందరూ మొక్కుకోమంటే, మందులు చాలని మొక్కుకోలేదు. మొక్కి ఉంటే అన్న మాట ఇన్నేళ్ళయినా నన్ను వదల్లేదు. ఇప్పుడు ఇంకొకరి శాంతిని నా అబద్ధంతో ఎగరగొట్టాను. సగం కోక మగ్గం మీద ఉంది. నెల ఆ నెలే.

ఆ మధ్యాహ్నం హంపమ్మ పెరట్లో గుడ్డలు తడుపుతుంటే దగ్గరికి వెళ్ళాను.

"హంపమ్మా, నీ దగ్గర ఒకటి దాచాను. ఆ బిళ్ళ కంబన్నది కాదు. వాళ్ళన్నది. డోన్‌లో గురమ్మ చెప్పింది. ఆయనకు అరవై ఈ నెలలోనే. ఇప్పటికైనా శాస్త్రిని పిలిచి..."

"తెలుసు" అంది.

ఆమె గుడ్డ పిండి, మడత పెట్టింది.

"నేను కాపురానికొచ్చినప్పుడే మా అత్త చూపించి ఏడ్సింది, ఇది నా పెద్దోనిది అని. దాని మీద ఏం రాసిండాదో నాకు తెల్దు. పెద్దోని బిళ్ళ కాబట్టి పెద్ద లెక్కే వస్తాదని తెలుసు. నా నోటితో చెప్తే ఈయప్ప నమ్ముతాడా? నువ్వు చదివితే నమ్ముతాడు."

"మరి మీ అమ్మ ఏడ్చిందన్నావు, తెల్లవెంట్రుకలన్నావు?"

"మా యమ్మ నా పెండ్లికి ముందే ఆ జొరంలో పోయింది అన్నా" అంది. అయ్యవారూ అనకుండా నన్ను పిలవడం అదే మొదటిసారి. "మేళం లేకుంటే పోనీ. తాళి మళ్ళా కట్టకుంటే పోనీ. మనిషి ఉంటే చాలు. ఇప్పుడు శాంతి పేరెత్తితే ఈయప్ప మంచం మీంచి లేవడు."

లోపలి నుంచి కంబన్న గొంతు బొంగురుగా వినిపించింది. "ఎవరే ఆడ? అయ్యవారా?"

వెళ్ళి మంచం పట్టె మీద కూర్చున్నాను. నా ముఖంలో ఏం చూశాడో, వేడిగా ఉన్న చేత్తో నా మోకాలు తట్టాడు. "నువ్వేంటికప్పా భయపడ్తావు? ఇది ఉత్త జొరం. నాది ఎప్పుడో దాటిపాయె కదా."

ఏడో రోజు చెమట పట్టింది. ఎనిమిదో రోజు గంజి అడిగాడు. పదో రోజు గోడ పట్టుకుని నడిచి, మగ్గం గుంటలో కాళ్ళు పెట్టాడు. మిగిలిన రెండు మూరలు నేయడానికి ఆయనకు మూడు రోజులు పట్టింది. కోక కోసి భార్య ఒళ్ళో వేసి, నా గదిలోకి వచ్చాడు.

"డెబ్బైకి ఏందో చేస్తారని చెప్పినావే. దాని పేరేంది?"

"భీమరథ శాంతి."

"దాంట్లో తాళి కడ్తారా?"

"కడతారు."

"అయితే చేద్దాం. మేళం కూడా పెట్టిద్దాం. నలభై ఏండ్లుగా ఈమె చిటికెల కత ఇని ఇని నా చెవులు పోయినాయి."

మహానంది శాస్త్రి ఇంటికి వెళ్ళి ఉన్నదంతా చెప్పాను. ఆయన పంచాంగం తెరిచి తిథి చూశాడు.

"సంకల్పంలో అబద్ధం చెప్పలేను మేష్టారూ. ఆయనకు అరవై అయితే ఉగ్రరథమే చెప్పాలి."

"అబద్ధం చెప్పమనడం లేదు. గట్టిగా చెప్పొద్దంటున్నాను."

శాస్త్రి పంచాంగం మూసి, మొదటిసారి నవ్వాడు. "మేళం ఉంటుంది కదా" అన్నాడు.

జ్యేష్ఠం చివరి వారంలో, పడమట తొలకరి మబ్బు పట్టిన ఉదయం, వాళ్ళ పంచలోనే పీటలు వేశారు. వేలెడంత కండ కూడా లేని కంబన్న, కుంకుమ అంచు కోకలో హంపమ్మ. కలశం మూల మారెన్న నిలబడి, అన్నా అన్నా అని ప్రతి మాటకూ ఆటపట్టిస్తున్నాడు. శాస్త్రి సంకల్పం మొదలుపెట్టాడు. ఏడు పేరు, నెల పేరు, పక్షం, తిథి. ఆ మాట దగ్గరికి రాగానే మేళగాళ్ళకేసి వేలెత్తాడు. డోలు, సన్నాయి ఒక్కసారి అందుకున్నాయి. ఆయన పక్కనే ఉన్న నాకు మాత్రం వినిపించింది. ఉగ్రరథ.

హంపమ్మ కళ్ళెత్తి నన్ను ఒక్కసారి చూసి, మళ్ళీ తల వంచింది.

కంబన్న తాళి చేతిలో పట్టుకుని, మేళాన్ని మించి అరిచాడు. "ఏమన్నాడప్పా సామి? ఇనపల్లేదు."

నేను నోరు తెరిచేలోపే హంపమ్మ అంది. "నీకు డెబ్బై నిండినాయంట. ఊరికే చూడాకు, ముడెయ్యి. మగ్గం మీద దారం తెగితే కనపడకుండా ఏసే ముడి కాదు, గట్టిగా."

ఆయన వంగి మూడు ముళ్ళూ వేశాడు. కొత్త కోకలోంచి గంజి వాసన వేస్తోంది.